బోండాం పట్టే చేతులు

మలేసియాలోని బాగన్ దాతుక్ ఊరి దొరసామి వికెట్ల వెనక బంతి పట్టుకుంటే చప్పుడయ్యేది కాదు. ఈపో పట్నంలో ఒకసారి బ్యాట్ అంచుకి తగిలిన బంతిని పట్టేసి, పక్కవాడి చేతిలో పెట్టి, గ్లౌజులు విప్పి చెట్టుకింద టీ తాగుతున్నాడు దొరసామి. బ్యాట్స్‌మన్ ఇంకా క్రీజులోనే ఉండి, బంతి ఎటు పోయిందా అని గడ్డిలో వెతుక్కుంటున్నాడు. అంపైర్ కూడా వంగి వెతికాడు. టీ చివరి గుక్క అయ్యాక దొరసామి లేచొచ్చి, చెయ్యి చూపించి, "అవుటు" అంటే గాని ఆ మనిషి ఇంటికి పోలేదు. కారణం మంత్రం కాదు, లేత కొబ్బరి. కొబ్బరి బోండాం పగలగొట్టి, లోపలి మీగడలాంటి గుజ్జు గీకి, అరటాకులో చుట్టి ఆయన భార్య పాపాయి ఇచ్చేది. అది గ్లౌజుల్లో పరుచుకుంటే బంతి పరుపు మీద పడుకున్నట్టు పడుకునేది. నమ్మనివాళ్లు పాపాయినే అడగవచ్చు. అడిగేటప్పుడు కాస్త దూరంగా నిలబడటం మంచిది.

అలాంటి చేతుల్ని నలభై ఏళ్లకి పైగా రామమందిరం కొబ్బరిచెట్టు కిందికి రానివ్వలేదు. ఇందులో మాత్రం గోరంత అతిశయోక్తి లేదు. తలుచుకుంటే ఇప్పటికీ పాపాయికి చెవులు వేడెక్కుతాయి.

ఆ చెట్టు సంగతి చెప్పాలి. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పని చెయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన తాతలు, తమ లయం ఇళ్ల పక్కనే, అంటే కూలీల వరస ఇళ్ల పక్కనే, రాముడికి ఒక మందిరం కట్టుకున్నారు. వెనక ఒక పొట్టి కొబ్బరిచెట్టు నాటారు. కాయలు నారింజ పండు రంగులో కాస్తాయి. శ్రీరామనవమి నాడు కల్యాణంలో సీతమ్మ చేతికిచ్చే బోండాం ఆ చెట్టుదే కావాలి. చెట్టు మీంచి సీతమ్మ చేతికి చేరేదాకా అది నేల తాకకూడదు. వెదురుకి కొడవలి కట్టి ఒకడు కోస్తాడు, కింద ఒకడు నిలబడి పట్టుకుంటాడు. కొయ్యడం ఎవరైనా కొయ్యవచ్చు. పట్టడం మాత్రం దొరసామి ఇంటివాళ్ల హక్కు. తాత పట్టాడు, తండ్రి పట్టాడు. పెళ్లయిన కొత్తలో దొరసామి పట్టాడు. ఒకే ఒక్క ఏడు.

దొరసామి పనే కాయలు పట్టడం. ఒలిచిన కాయల్ని పడవలోకి ఎక్కించేటప్పుడు రేవులో మనుషులు వరసగా నిలబడి ఒకరి నుంచి ఒకరికి విసురుకునేవారు. దొరసామి వెనక్కి తిరిగి ఎవరితోనో కబుర్లాడుతూనే వచ్చే కాయని వచ్చినట్టు పట్టేవాడు. ఒకరోజు రేవుకి వచ్చిన ఎస్టేట్ మేనేజరు పెంబర్టన్ దొర అది చూసి, నోట్లోని చుట్ట నీళ్లలో పారేసుకున్నాడు.

ఆ పెంబర్టన్ సామాన్యుడు కాదు. ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ జట్టుకి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లాడిన వికెట్‌కీపర్. కొన్ని మ్యాచ్‌లే ఆడాడు, కాని వేళ్లన్నీ అక్కడే ఇచ్చేశాడు. ఒక్కో వేలు ఒక్కో దిక్కు చూసేది. ఆయన షేక్‌హ్యాండ్ ఇస్తే కొమ్మల గుత్తి పట్టుకున్నట్టుండేదని కిరాణీలు, అంటే ఆఫీసు గుమాస్తాలు, నవ్వుకునేవారు. తనకంటే చిన్నవాడొకడు వచ్చి గ్లౌజులు లాక్కున్నాక అక్కడ ఉండలేక మలేసియా వచ్చి కొబ్బరితోట చూసుకుంటున్నాడు. ఆ వంకర వేళ్లతోనే దొరసామిని వికెట్ల వెనక కూర్చోబెట్టాడు.

ఎస్టేట్ జట్టంటే అప్పట్లో ఆఫీసు కిరాణీల జట్టు. పిచ్ మీద పరిచే చాప కొబ్బరి పీచుది. ఆ పీచు ఒలిచింది దొరసామి, చాప మోసుకొచ్చి పరిచింది దొరసామి, దాని మీద పడి లేచే బంతుల్ని రోజంతా పట్టింది దొరసామి, సాయంత్రం చుట్టి షెడ్డులో పెట్టింది కూడా దొరసామే. టీ వేళకి మాత్రం కిరాణీలు వరండాలో కుర్చీల్లో, దొరసామి మెట్టు కింద. పన్నెండో ఆటగాడికి బిస్కెట్టు, కీపర్‌కి ఎండ! ఈ మాట చెప్పేటప్పుడు పాపాయి ఇప్పటికీ బిస్కెట్టు విరిచినట్టు వేళ్లు టక్కున విరుస్తుంది.

పెంబర్టన్ దొర నేర్పిన పాఠాల్లో ఒకటి దొరసామి ఒంటికి పట్టేసింది. "అంపైర్‌ని ఒక్కసారే అడుగు. వేలెత్తకపోతే నోరు మూసుకుని వెళ్లి మళ్లీ కూర్చో." పాపాయి దృష్టిలో ఆ దొర ఈ దేశానికి చేసిన అన్యాయాలన్నింటిలోనూ పెద్దది ఇదే.

దొర ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోతూ తన గ్లౌజులు దొరసామికిచ్చాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. వీడ్కోలు టీలో కిరాణీల ముందు ఒక ముచ్చట చెప్పాడు. ఇంగ్లండ్‌లో చలికి బంతి రాయిలా తగులుతుందట. అరచేతులు పగలకుండా పాతకాలం కీపర్లు గ్లౌజుల్లో పచ్చి గొడ్డుమాంసం ముక్క పెట్టుకునేవారట. తనూ పెట్టుకున్నాడట. మారిముత్తు అనే కిరాణీ ఆ ముచ్చటని టీ చల్లారకముందే లయం ఇళ్లకి చేర్చాడు.

దొరసామి తల్లి వెంకమ్మ గుండె బాదుకుంది. పెద్ద గంగాళంలో పసుపు నీళ్లు మరగబెట్టి గ్లౌజుల్ని అందులో ముంచింది. తీసి రేకుల మీద ఎండబెట్టింది. మళ్లీ ముంచింది. ఆవిడకి తృప్తి కలిగేసరికి అవి గ్లౌజులు కావు, పచ్చటి అప్పడాల జత. వాటితో బంతి పట్టిన మొదటి ఆదివారం దొరసామి అరచేతులు వాచి అన్నం ముద్ద కలపలేకపోయాడు. అప్పుడే కాపురానికొచ్చిన పాపాయికి ఆ చేతులు చూసి ప్రాణం ఉసూరుమంది. లేత కొబ్బరి ఆలోచన ఆవిడదే. ప్రతి మ్యాచ్ రోజూ అరటాకు పొట్లం కట్టి సైకిల్ హ్యాండిల్‌కి తగిలించేది. ఆ తర్వాత దొరసామి చేతులు వాచలేదు. కొబ్బరి మహిమ అని పాపాయి ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. ఆ రోజుల్లో ఇంకో బెడద కూడా ఉండేది. గుమ్మం ముందు విడిచిన సెలిపార్లు, అదే రబ్బరు చెప్పులు, జత తప్పి ఒంటిగా మిగిలేవి. వెంకమ్మ కుక్కల్ని తిట్టేది.

ఒక మ్యాచ్‌లో గ్లౌజుల పక్కన గడ్డి మీద ఆకు పొట్లం విప్పి ఉండటం మారిముత్తు దూరం నుంచి చూశాడు. ఆకులో తెల్లగా, మెత్తగా, జారుతూ ఏదో ఉంది. ఇంకేం కావాలి? దొరసామి దొర అలవాటే పట్టాడు, గ్లౌజుల్లో మాంసం పెడుతున్నాడు అన్నాడు. ఆ ఏడు నవమి నాడు, మందిరం పెద్దమనిషి ఆ కొబ్బరిచెట్టు కింద అందరి ముందూ దొరసామికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతులు సీతమ్మ బోండాం ముట్టకూడదన్నాడు.

"మాంసం కాదు" అన్నాడు దొరసామి.

మందిరం పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. దొరసామి వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాడు. ఒక్కసారి అడిగాడు, అంపైర్ ఇవ్వలేదు. అంతే! ఆ సాయంత్రం నుంచి నేటిదాకా ఆ సంగతి ఆయన నోట రాలేదు. అప్పటినుంచి బోండాంని తాడు కట్టి దింపుతున్నారు, బావిలో చేద దింపినట్టు. నేల తాకదు, నిజమే. అది పట్టడమా?

ఆ ఏడే పెరాక్ రాష్ట్ర జట్టుకి దొరసామి ఎంపికయ్యాడు. ఎంత అన్యాయమో చూడండి. రాష్ట్రం మొత్తం ఆ చేతుల్ని నమ్మి వికెట్ల వెనక నిలబెట్టింది. ఈపోలో, పెనాంగ్‌లో, కౌలాలంపూర్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లయంలో మాత్రం ఆయన ముట్టుకున్న కొబ్బరికాయ దేవుడికి కొట్టకుండా పక్కన పెట్టారు. బయట ఆటగాడు, ఇంటి దగ్గర అంటరానివాడు. ఆ పచ్చ గ్లౌజులకి ఇంట్లో చోటు లేక, వాటిని చీనా తౌకే, అంటే షావుకారు, కొట్లో కిరసనాయిలు డబ్బాల పక్కన దాచుకునేవాడు. పెరాక్‌కి ఆడినన్నాళ్లూ మ్యాచ్‌కి బయల్దేరే ముందు ఆ కొట్టుకెళ్లి గ్లౌజులు అడిగి తీసుకునేవాడు. వేళ్లు వంకర్లు తిరిగాక ఆట మానేశాడు. తర్వాత తోటలో కొబ్బరి పోయి పామాయిల్ వచ్చింది. క్రికెట్ మైదానం కూడా తోటలో కలిసిపోయింది. పిచ్ ఉన్న చోట ఒక చెట్టు మాత్రం మిగతావాటికంటే పొట్టిగా, అలిగినట్టు నిలబడి ఉంటుంది.

ఇక ఈ ఏటి సంగతి. దొరసామి మనవరాలు రుబిని పెరాక్ అమ్మాయిల జట్టుకి ఎంపికైంది. కీపర్‌గానే. ఇంటి ముందు సిమెంటు గట్టుకి టెన్నిస్ బంతి కొట్టి కొట్టి నేర్పింది తాతే. పేపర్లో ఫొటో పడింది. పడిన వారానికే మందిరం కమిటీ ప్రెసిడెంటు నారాయణస్వామి కారేసుకుని వచ్చాడు. ఆనాడు చెయ్యి అడ్డం పెట్టిన పెద్దమనిషి కొడుకే ఈయన. దొరసామి వాకిట్లో మోటారుసైకిల్ గొలుసుకి నూనె పోస్తున్నాడు. తల ఊపి తన పని తాను చేసుకుంటున్నాడు.

"పాపాయప్పా, మంచి కబురు. కల్యాణానికి బోండాం పళ్లెం ఈ ఏడు మన రుబినీ మొయ్యాలని కమిటీ అనుకున్నాది. పేపర్లో పడ్డ పిల్ల గదా. పేరొస్తాది" అన్నాడు నారాయణస్వామి, వరసకి అప్ప, అంటే అక్క, అయిన పాపాయితో.

"ఎవలకి?"

"ఏటి ఎవలకి?"

"పేరు ఎవలకొస్తాది నారాయణసామీ?"

"మన మందిరానికే గదప్పా!"

"బోండాం ఎవలు పడతారు?"

నారాయణస్వామి కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పట్టడమేటి, తాడుతో దింపుతాం. ఎప్పుట్లాగే."

పాపాయి లేచి నిలబడింది. ఆవిడ నిలబడితే నారాయణస్వామి భుజం దాకా కూడా రాదు. అయినా ఆయనే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఓహో! మనవరాలి సేతులు రాముడికి పనికొచ్చినాయి, తాత సేతులు పనికిరావా? ఆ సేతులు ఎక్కణ్నించి ఒచ్చినాయి? సూపర్‌మార్కెట్లో కొన్నామా? పిల్లకి కూకోడం, లెగడం, పట్టడం నేర్పింది ఎవలు? మీ నాన్నా? మీ నాన్న పట్టిందల్లా తాడే గదరా!"

"అప్పా, పాత గొడవలు ఎందుకు లా ఇప్పుడు" అన్నాడు, మలేసియా అలవాటు కొద్దీ మాటకి 'లా' తగిలించి.

"నీకు పాతది. నాకు పొద్దున్న లెగిసి గుమ్మంలోకొస్తే కొత్తది!" పాపాయి భర్త వైపు తిరిగింది. "మావా, ఒక్క మాట అను! నీ నోరేటి తుప్పట్టిపోనాదా?"

దొరసామి గొలుసు తిప్పి చూశాడు. "ఒకపాలి అడిగినాను గదా."

"అడిగి నలభై ఏళ్లు దాటినాది! ఆ అంపైరు సచ్చిపోనాడు కూడానూ!"

చచ్చిపోయిన అంపైర్ కొడుకు దగ్గి, నవమికి రండి అనేసి కారెక్కాడు.

నవమి పొద్దున్న మందిరం మైకులో పాటలు మొదలయ్యేసరికి చెట్టుకింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటుంది. కుర్చీలో పాపాయి ఉంది. పట్టుచీర కట్టుకుని, కాళ్లు రెండూ నేలకి మేకులు కొట్టినట్టు పెట్టుకుని. తాడు పట్టుకొచ్చిన కమిటీవాళ్లు ముందు నవ్వారు. తర్వాత బతిమాలారు. తర్వాత నారాయణస్వామిని పిలుచుకొచ్చారు. వెనకే పెళ్లికొచ్చిన జనమంతా వచ్చారు. క్లాంగ్ నుంచి కార్లలో దిగిన చుట్టాలు ఫోన్లు పైకెత్తారు. దొరసామి ఉతికిన తెల్లచొక్కాలో జనం వెనక నిలబడి, ఎవరి పెళ్లో అన్నట్టు చూస్తున్నాడు.

"అప్పా, ముహూర్తం దాటిపోతాది. లెగు" అన్నాడు నారాయణస్వామి.

"నా మొగుడు పడితే లెగుస్తాను. లేకపోతే తాడు నా మెడకి కట్టి నన్ను కూడా దింపుకో."

ఇంతలో ఇత్తడి పళ్లెంతో రుబిని వచ్చింది. పరిస్థితి చూసి పళ్లెం నానమ్మ ఒళ్లో పెట్టేసింది. "అలామా, అయ్యో! తాత పట్టకపోతే నాను మొయ్యను లా. అంకుల్, సారీ."

నారాయణస్వామికి పదిమందిలో తల కొట్టేసినట్టయింది. గొంతు పెంచాడు. "కమిటీకి కక్షేటి లేదు! దేవుడి పని, మైల కాకూడదు. అంతే. గ్లౌజుల్లో గొడ్డుమాంసం ఎట్టినాడని కళ్లతో సూసినోళ్లున్నారు."

"ఎవలు సూసినారు?"

చూసినవాడు అక్కడే ఉన్నాడు. మారిముత్తు. ముసలివాడైపోయాడు, చెవిలో మిషను, చేతిలో కర్ర. కల్యాణం భోజనానికి ఏటేటా తప్పకుండా వస్తాడు. జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఆయనకి ఆ దారి అక్కర్లేదు, కాని ఇచ్చేశారు.

"మారిముత్తన్నా! సెప్పు. ఏటి సూసినావు?" అంది పాపాయి, మిషను అక్కర్లేనంత గట్టిగా.

"పొట్టలం దాన్ పాత్తేన్" అన్నాడు మారిముత్తు తమిళంలో. పొట్లమే చూశాడట. ఆకులో చుట్టి ఉందట. తెల్లగా, మెత్తగా ఉందట.

"తెల్లగానా?"

"వెళ్లయ్యా దాన్, తంగచ్చీ. తెల్లగానే, చెల్లెమ్మా."

పళ్లెంతో సహా పాపాయి కుర్చీలోంచి లేచింది. ముహూర్తానికి లేవనిది దీనికి లేచింది. జనాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "గొడ్డుమాంసం ఏ రంగులో ఉంటాదో సెప్పండి ఎవలైనా!"

అసలు కిటుకంతా అక్కడే ఉంది. తెలుసన్నవాణ్ని, నీకెలా తెలుసని అడుగుతారు. నలభై ఏళ్లుగా ఆ మాట ఊళ్లో తిరుగుతున్నా రంగు గురించి ఒక్కడూ నోరు మెదపకపోవడానికి కారణం ఇదే. పెద్దలు చెప్పుల వైపు చూశారు. నారాయణస్వామి ఆకాశం వైపు చూశాడు. క్లాంగ్ చుట్టాలు ఫోన్లు దించారు.

"ఎర్రగా ఉంటాది లా" అంది రుబిని. "సూపర్‌మార్కెట్లో అద్దాల పెట్లో ఎడతారు గదా. అందరూ సూస్తారు."

అప్పుడు ఉన్నట్టుండి అందరికీ గుర్తొచ్చింది. అవునవును, ఎర్రగానే ఉంటుంది, దూరం నుంచి కనపడింది, టీవీలో చూపించారు, ఎవరో చెప్పగా విన్నాం. ఒకాయన పాపం కండ ఎలా ఉంటుందో కొవ్వు ఎలా ఉంటుందో కూడా చెప్పబోయాడు. భార్య మోచేత్తో పొడిచింది.

"తెల్లగా ఉండేది కొబ్బరి!" పాపాయి గొంతు మైకుని మించిపోయింది. "ఈ సేత్తో గీకినాను, ఈ సేత్తో సుట్టినాను. రాముడి తోటలో కొబ్బరి రాముడికి మైలయిపోనాదా? ఆ కొబ్బరి ఎట్టుకుని మా మావ పెరాక్‌కి ఆడినాడు! సప్పుడు కాకుండా పట్టినాడు! ఒక్క రంగు అడగడానికి మీకు నలభై ఏళ్లు సాల్లేదు. తాడు కట్టడానికి మాత్రం ఒక్క పూట సరిపోయినాది. సిగ్గు నేదూ?"

ఆవిడ కళ్లలో నీళ్లు చూసి కొందరు ఆడవాళ్లు కూడా కొంగులు తీశారు. మారిముత్తు కర్ర మీద వంగి, "ఉళ్ళే పాక్కలమ్మా" అన్నాడు. లోపల చూడలేదమ్మా అని. నారాయణస్వామి తాడు చుట్టచుట్టి మందిరం వెనక గోడ మీద పెట్టేశాడు. దొరసామి వైపు తిరిగి, చాలా మెల్లగా, "రా బావా, పట్టు" అన్నాడు.

దొరసామి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. చొక్కా చేతులు మడిచాడు. చెట్టుకింద మోకాళ్లు వంచి కూర్చున్నాడు, పాత లెక్కలోనే, మడమలు కొద్దిగా లేపి. మోకాళ్ల కీళ్లు టకటకమన్న శబ్దం మందిరం వరండా దాకా వినబడింది. వెదురు కొడవలి ఆకుల్లోకి వెళ్లింది. నారింజ రంగు బోండాం ఒకటి తొడిమ తెగి కిందికి వచ్చింది. దాంతోపాటే ఆయన లేచాడు, బంతి లేచినట్టు. వంకర వేళ్లు రెండు గుత్తులూ దగ్గరికొచ్చి మూసుకున్నాయి. చేతులు బోండాంతో పాటు రొమ్ము దాకా వెనక్కొచ్చి ఆగాయి.

కళ్లు తుడుచుకుంటున్న పాపాయి చేతిలోని పళ్లెంలో దాన్ని పెట్టాడు. పాపాయి ఆ పళ్లెం రుబినికి ఇచ్చింది. రుబిని సీతమ్మ దగ్గరికి మోసుకెళ్లింది.

తాళికట్టు అయ్యాక నారాయణస్వామి మైకు తీసుకున్నాడు. తండ్రి చేసింది సరిదిద్దాలన్న తొందరలో పాపాయి చెప్పినదానికి తనూ కొంత కలిపాడు. రాముడి కొబ్బరిని గ్లౌజుల్లో పెట్టుకుని రాష్ట్రానికి ఆడిన భక్తుడు మన బావ అన్నాడు. ఆ కొబ్బరి మహిమ వల్లే బంతి చప్పుడు చెయ్యకుండా వచ్చి ఒదిగేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పాపాయి తల పైకెత్తి నాలుగు దిక్కులా చూసింది. ఇన్నేళ్ల తర్వాత అందరి నోటా తన కొబ్బరి.

"రెండు ముక్కలు మాట్లాడు బావా" అని నారాయణస్వామి మైకు ఇచ్చాడు.

దొరసామి మైకుని ఇటూ అటూ తిప్పి చూసి, నోటికి దూరంగా పట్టుకున్నాడు.

"మాంసం కాదని ఆనాడే సెప్పినాను. కొబ్బరీ కాదు. పాపాయి ఇచ్చిన కొబ్బరి బాగుండేది, తినేసేవోణ్ని. గ్లౌజుల్లో ఎట్టింది మా అమ్మ సెలిపార్ ముక్క. సప్పుడు బాగానే వచ్చేది."